ఆరోగ్యవరం దావలో

పొద్దున పోయి రాత్రికి ఇల్లు చేరే ఒక్కరోజు ప్రయాణానికి మా ఇంట్లో పదిహేను రోజుల చర్చ జరుగుతుంది. మీ ఇళ్ళల్లోనూ ఇంతేనేమో. ఎక్కడికి పోవాలో తేల్చేసరికి సగం ఉత్సాహం అయిపోతుంది. ఏం వండాలో తేల్చేసరికి మిగతా సగం నాకు మాత్రమే అయిపోతుంది.

ఈసారి కార్తీకంలో రెండో శనివారం పోదామనుకున్నాం. మావారు గవర్నమెంటు స్కూల్లో టీచరు కాబట్టి ఆయనకు సెలవు. మావాడు బెంగళూరు నుంచి శుక్రవారం రాత్రికి ఓబులదేవరచెరువు చేరతానన్నాడు. అమ్మాయి ఇంటర్ రెండో సంవత్సరం. దానికి ఒక్కరోజు పుస్తకం మూసే అవకాశం వస్తే చాలు, ఎక్కడికైనా సరే.

మావారు ఎప్పటిలాగే తిమ్మమ్మ మర్రిమాను అన్నారు. కదిరికి దగ్గర, ఖర్చు తక్కువ, 1989లో గిన్నిస్ బుక్కుకెక్కిన చెట్టు, పిల్లలకు విజ్ఞానం. "నాయినా, ఆ చెట్టు కింద నా ఫోటోలు పుట్టినప్పటి నుంచి ప్రతి సైజులోనూ ఉన్నాయి" అన్నాడు మావాడు ఫోన్‌లోనే. వాడికి హార్స్లీ హిల్స్ కావాలి. కార్తీకంలో చలి, మంచు, నాలుగు ఫోటోలు. అమ్మాయి మదనపల్లెలో బీసెంట్ దివ్యజ్ఞాన కళాశాల చూడాలంది. రవీంద్రనాథ్ ఠాగూరు 1919 ఫిబ్రవరిలో అక్కడికొచ్చి జనగణమనను ఇంగ్లీషులోకి అనువదించాడని, మార్గరెట్ కజిన్స్ దానికి స్వరం కూర్చిందని వాళ్ళ లెక్చరర్ చెప్పారట. సరే, కొండా కాలేజీ రెండూ ఒకే దారిలో ఉన్నాయి కదా అని ఒప్పందానికొచ్చాం.

అత్త మాత్రం ఇలాంటి చర్చల్లో తలదూర్చదు. "మీరు పోయిరాండి, నేను ఇల్లు కాపలా ఉంటా" అనేది ఆమె శాశ్వత తీర్మానం. డెబ్బై నాలుగేళ్ళు, మోకాళ్ళ నొప్పి. మేమూ రెండుసార్లు పిలిచి మూడోసారి మానేస్తాం. నిజం చెప్పొద్దూ, మానేయడం మాకూ సులువే.

ఆ రోజు సాయంత్రం వసారాలో చెనక్కాయలు వలుస్తున్నాం. మావారూ అమ్మాయీ దారి గురించి వాదించుకుంటున్నారు. అత్త చేతిలో కాయ చిట్లించి, గింజలు చేటలో వేసి, తలెత్తకుండానే అడిగింది.

"ఏమ్మే, ఆ కొండ దాటి ఇంకొంచెం ముందుకు పోతే మదనపల్లె వస్తాది కదా. ఆడ ఆరోగ్యవరం ఇంకా ఉందా?"

మావారు నవ్వారు. "ఆసుపత్రి కదమ్మా అది. పిక్నిక్కుకు పోతూ ఆసుపత్రి చూసేదేంది?"

అత్త మళ్ళీ మాట్లాడలేదు. ఇంకో కాయ తీసుకుంది. ఆ తీసుకోవడంలో ఏదో ఉంది. పాతికేళ్ళుగా ఆమెతో ఒకే వంటింట్లో ఉన్నదాన్ని, అది నాకు తెలిసింది.

* * *

మరుసటి రోజు మధ్యాహ్నం అందరూ ఎవరి పనుల మీద వాళ్ళు పోయాక, మిగిలిన కాయలు ముందేసుకుని కూర్చున్నాం. నేనేమీ అడగలేదు. ఆమే మొదలుపెట్టింది.

అత్తకు అప్పుడు ఏడేళ్ళు. అంటే 1958 ప్రాంతం. వాళ్ళమ్మకు ఎడతెగని దగ్గు, సాయంత్రమైతే జ్వరం. దిష్టి అన్నారు, గాలి సోకిందన్నారు, తాయెత్తు కట్టించారు. ఒకరోజు దగ్గితే రక్తం పడింది. కదిరి డాక్టరు చూసి మదనపల్లెకు తీసకపొమ్మన్నాడు. వాళ్ళ నాయిన కాడెద్దుల్లో ఒకదాన్ని అమ్మేశాడు. జత విరిగిన ఎద్దుతో సేద్యం సాగదని తెలిసే అమ్మాడు. బండి కట్టించుకుని కదిరికి, కదిరి నుంచి ధర్మవరం - పాకాల మీటరుగేజీ రైల్లో మదనపల్లె రోడ్డు స్టేషనుకు తీసుకుపోయాడు.

ఊళ్ళో వాళ్ళకు చెప్పింది మాత్రం ఒకటే: పుట్టింటికి పోయింది. పిల్లలకు చెప్పిందీ అదే.

"పదకొండు నెల్లు ఉన్నింది మ్మే. ఒక్కసారే నన్ను మా నాయిన తీసకపోయినాడు. పెద్ద వరండా. వరసగా మంచాలు. యాడ చూసినా చెట్లు, గాలి. మాయమ్మ మొకం నిండుగా అయింది, నేను గుర్తుపట్టలేదు. గుర్తుపట్టినాక ఉరికినా. ఆడే నిలబడు, దగ్గరికి రావద్దు అనింది. చెయ్యి అడ్డం పెట్టి అనింది. నామీద కోపమేమో అనుకున్నా. చానా దినాలు అట్లనే అనుకున్నా."

వాళ్ళమ్మ నయమై తిరిగొచ్చింది. పోయినప్పుడు వేలిముద్ర వేసే మనిషి, వచ్చేటప్పటికి అక్షరాలు కూడబలుక్కుని చదివేది. పక్కమంచం ఆమె నేర్పించిందట. ఎక్కడ నేర్చుకున్నావని ఊళ్ళో ఎవరూ అడగలేదు. అడిగితే ఏం చెప్పాల్సి వస్తుందో వాళ్ళకూ తెలుసు కాబోలు.

ఇంట్లో మాత్రం ఆమెకు వేరే కంచం, వేరే సత్తు చెంబు. గూట్లో ఒక మూల అవి విడిగా బోర్లించి ఉండేవి. అలా ఎన్నాళ్ళు? 1991లో ఆమె పోయేదాకా. నయమై వచ్చిన మనిషికి ముప్పై మూడేళ్ళు వేరే చెంబు. ఆఖరికి ఎవరూ పెట్టకపోయినా ఆమే ఆ చెంబు వెతుక్కునేదట.

అత్త పెళ్ళి 1970లో అయింది. సంబంధం చెడిపోతుందని ఈ సంగతి దాచారు. దాచింది దాచినట్టే ఉండిపోయింది. "మీ మామకు కూడా చెప్పలేదు మ్మే. నలభై ఏండ్లు కాపురం చేసినా. నోటిదాకా వచ్చేది, మింగేదాన్ని."

నేను ఏం మాట్లాడాలో తెలియక చేట ఇటు లాక్కున్నాను. అప్పుడు ఆమె అంది:

"మొన్న సంక్రాంతికి పాప వచ్చిపోయినాక నువ్వు ఆ గ్లాసు వేన్నీళ్ళతో కడిగి గూట్లో మూలకు వేరేగా బోర్లించినావు చూడు. అది చూసినప్పటి నుంచి మాయమ్మ కండ్లలోనే ఉంది."

కోపంగా అనలేదు. వాన పడేటట్టుంది అన్నంత మామూలుగా అంది. నా చేతిలో కాయ అలాగే ఉండిపోయింది.

* * *

పాప అంటే కదిరిలో ఉండే మా ఆడబిడ్డ కూతురు. ఇరవై రెండేళ్ళు. పోయిన ఏడాది మెడ పక్కన గడ్డ లేచింది. పరీక్ష చేస్తే గ్రంథుల టీబీ అన్నారు. ఆరు నెలలు మాత్రలు మింగింది, ఆషాఢానికి కోర్సు అయిపోయింది, పూర్తిగా తగ్గిందని డాక్టరు చెప్పారు. బంధువులకు మాత్రం థైరాయిడ్ అని చెప్పుకున్నారు. సంబంధాలు చూస్తున్న పిల్ల కదా. ఈ టూరుకు పిలిస్తే కూడా మా ఆడబిడ్డ, "నేనొక్కదాన్నే వస్తా వదినా, పాపకు ఏదో కోచింగుంది" అంది. కోచింగు లేదని ఆమెకూ తెలుసు, నాకూ తెలుసు. సరేనన్నాను. సీట్లు కూడా సరిపోయాయి కదా అనుకున్నాను. డ్రైవరుతో కలిపి ఏడుగురు, ఎర్టిగాకు కొలిచినట్టు.

సంక్రాంతికి ఆ గ్లాసు వేరే పెట్టింది నేనే. ఎవరూ చెప్పలేదు. బి.ఏ. చదివాను, నలుగురికీ నీతులు రాస్తాను. ఆ చేతులతోనే ఒక పిల్ల తాగిన గ్లాసును వేరే చేశాను. పాప చూసిందో లేదో తెలియదు. చూసే ఉంటుంది. ఆ తర్వాత మా ఇంటికి రాలేదు.

ఆ రాత్రి నిద్ర పట్టక ఫోన్‌లో చదువుతూ కూర్చున్నాను. అసలు గ్రంథుల టీబీ సాధారణంగా గాలి ద్వారా ఒకరి నుంచి ఒకరికి అంటదట. ఊపిరితిత్తులకు వచ్చేది దగ్గు ద్వారా గాలిలో వ్యాపిస్తుంది. అయితే అది కూడా కంచాల వల్లా గ్లాసుల వల్లా రాదు. సరైన మందులు మొదలుపెట్టిన కొన్ని వారాలకే వ్యాపించే గుణం బాగా తగ్గిపోతుంది. ఈ మాట అర్థమవడానికి నాకు వేన్నీళ్ళు కాచినంత సమయం కూడా పట్టలేదు. అంత చిన్న పని ముందే ఎందుకు చేయలేదో దానికి మాత్రం జవాబు దొరకలేదు.

* * *

ఆరోగ్యవరం గురించి కూడా చదివాను. పూర్వం దక్షిణాదిలో పనిచేసే అనేక ప్రొటెస్టెంట్ మిషన్లు క్షయ రోగుల కోసం చేతులు కలిపి పెట్టిన ఆసుపత్రి అది. అందుకే పేరులో యూనియన్ అనే మాట: యూనియన్ మిషన్ ట్యూబర్‌క్యులోసిస్ శానటోరియం. 1912లో మదనపల్లెలో మొదలై, 1915లో ఇప్పుడున్న చోటికి మారింది. డెన్మార్క్ నుంచి వచ్చిన డాక్టర్ క్రిస్టియన్ ఫ్రిమోట్ మొల్లర్ దానికి మొదటి పెద్ద డాక్టరు. తర్వాత ఆయన కొడుకు కూడా అక్కడే క్షయ మీద పనిచేశాడు. 1948లో మన దేశంలో బీసీజీ టీకాలు మొదలైనప్పుడు తొలి కేంద్రాల్లో మదనపల్లె ఒకటి. మన పిల్లలకు పుట్టగానే భుజం మీద వేయిస్తామే, మచ్చ పడుతుంది, ఆ టీకాయే.

మదనపల్లెనే ఎందుకు ఎంచుకున్నారంటే ఎత్తైన చోటు, పొడిగాలి. మందులు లేని ఆ కాలంలో క్షయకు వైద్యమంటే విశ్రాంతి, మంచి గాలి, మంచి తిండి. నెలలు, ఒక్కోసారి ఏళ్ళు. అందుకే శానటోరియాల్లో అంత పెద్ద వరండాలు, అన్ని చెట్లు. అత్త చూసిన వరండా అదే. 1940లలో స్ట్రెప్టోమైసిన్ వచ్చాక కథ మారింది. 1956లో మద్రాసులో ఒక పరిశోధన మొదలుపెట్టి కొందరు రోగులను శానటోరియంలో, కొందరిని ఇంట్లోనే ఉంచి మందులిచ్చి చూశారు. ఇంట్లో ఉన్నవాళ్ళకూ అంతే బాగా నయమైందని 1959లో తేల్చారు. ఇంట్లో ఉన్న మిగతావాళ్ళకు దానివల్ల ముప్పేమీ పెరగలేదని కూడా ఆ తర్వాత తేలింది. ప్రపంచమంతా శానటోరియాల అవసరం తగ్గడానికి అదొక పెద్ద కారణం. ఆరోగ్యవరం ఇప్పుడు అన్ని రోగాలూ చూసే మామూలు ఆసుపత్రి.

1959. అంటే అత్తవాళ్ళమ్మ ఇంటికొచ్చి సత్తు చెంబు అందుకున్న రోజుల్లోనే, పక్క రాష్ట్రంలో డాక్టర్లు ఆ భయం అక్కర్లేదని రాసిపెట్టారన్నమాట. ఆ కాగితం మద్రాసు నుంచి మా ఇంటి గూటిదాకా రావడానికి ఇన్నేళ్ళు పట్టింది.

తెలుగు చదువుకున్నదాన్ని కదా, మాటల దగ్గర కూడా ఆగాను. క్షయ అంటే తరిగిపోవడం. రోహిణి మీదే ప్రేమంతా చూపించాడని మామగారు దక్షుడు శపిస్తే చంద్రుడికి పట్టింది ఈ రోగమే. శివుణ్ణి వేడుకుంటే శాపం సగం తీరి, పదిహేను రోజులు తరిగి మళ్ళీ పదిహేను రోజులు పెరుగుతాడు. కథ చెప్పేవాళ్ళంతా శాపాన్నే గట్టిగా చెబుతారు. తరిగినవాడు మళ్ళీ నిండుతాడన్న సగాన్ని మెల్లగా అనేసి ఊరుకుంటారు. కార్తీక పున్నమినాడు ఆ నిండిన చంద్రుణ్ణి చూసే కదా దీపాలు పెడతాం. అప్పుడెవరూ ఈయనకు ఒకప్పుడు క్షయ అని మొహం తిప్పుకోరు.

ఆరోగ్యవరం అన్న పేరు కూడా ఎంత బాగుందో. భీమవరం, అన్నవరం లాగా ఊరి పేరు అనుకోవచ్చు. ఆరోగ్యమనే వరం అని కూడా అనుకోవచ్చు. అత్త మాత్రం అరవై ఏడేళ్ళుగా ఆ పేరు నోటితో పలకలేదు.

* * *

ముందు మావారికి చెప్పాలి కదా. నేను చెప్పనన్నాను. అత్తే ఆ రాత్రి అన్నం తింటుండగా కొడుకుతో చెప్పింది. ఆయన మజ్జిగ పోసుకుంటూ ఆగిపోయారు. ఇన్నేళ్ళు ఎందుకు దాచావని అడుగుతారేమో అనుకున్నా. అడగలేదు. చెయ్యి కడుక్కుని బయటికి పోయి చాలాసేపు వీధిలో తిరిగొచ్చారు. వచ్చి, "మొదట ఆరోగ్యవరం పోదాం. మధ్యాహ్నం వచ్చేదావలో కొండెక్కుదాం" అన్నారు. అంతే.

తర్వాత అత్త ఫోన్ అడిగింది. కూతురికి కలిపి ఇచ్చాను. స్పీకర్ పెట్టడం ఆమెకు రాదు, నేనూ పెట్టలేదు. ఇటువైపు మాటలే వినిపించాయి. "మీయవ్వకు కూడా వచ్చినింది... అవును, అదే... నయమయి ముప్పై మూడేండ్లు బతికింది... నువ్వు పుట్టినప్పుడు నీకు నీళ్ళు పోసింది ఎవురనుకున్నావు?" అటువైపు చాలాసేపు నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దాన్ని అత్త చెవికి ఆనించుకుని ఓపిగ్గా కూర్చుంది.

రెండు రోజుల తర్వాత పాప నాకు ఫోన్ చేసింది. "అత్తా, నేనూ వస్తా. బండిలో చోటుందా?"

చోటు లేదు. ఎర్టిగాలో సీట్లు అయిపోయాయి. "ఉంది రా తల్లీ" అన్నాను. ఇంకేదో కూడా చెప్పాలనుకున్నాను. గ్లాసు సంగతి. ఫోన్‌లో చెప్పే మాట కాదనిపించింది. నిజానికి ధైర్యం చాలలేదు. బండిలో దాని పక్కనే కూర్చుని చెబుతాను.

మావారు ఎర్టిగా వద్దని చెప్పి తుఫాను మాట్లాడారు. వెయ్యి రూపాయలు ఎక్కువ. ఖర్చు గురించి గొణగకుండా ఆయన డబ్బిచ్చిన సందర్భం మా కాపురంలో ఇది రెండోదో మూడోదో.

* * *

ఇక అసలు ప్లాను. మీలో ఎవరైనా ఇటువైపు వస్తే పనికొస్తుందని రాస్తున్నా.

మా ఊరి నుంచి కదిరి, తనకల్లు, ములకలచెరువు మీదుగా మదనపల్లె వంద కిలోమీటర్లకు అటూఇటూ. మధ్యలో టీకి ఆగితే మూడు గంటలు అనుకోవాలి. పొద్దున ఆరింటికి బయలుదేరితే కదిరిలో ఆడబిడ్డనూ పాపనూ ఎక్కించుకుని, తొమ్మిదిన్నరకు చేరతాం. ఆరోగ్యవరం తర్వాత బీసెంట్ కాలేజీ. కాలేజీ మొదలైంది కూడా 1915లోనేనట, అమ్మాయి లెక్కగట్టి చెప్పింది. మధ్యాహ్నం వెనక్కి తిరిగి హార్స్లీ హిల్స్. ఏనుగు మల్లమ్మ కొండ అని దాని పాతపేరు. ఇంచుమించు 1,265 మీటర్ల ఎత్తు, కాబట్టి సాయంత్రానికి స్వెట్టర్లు కావాలి. చీకటి పడకముందే ఘాట్ దిగేయాలి.

పిల్లలకు ఒకటే గట్టిగా చెప్పాను. ఆరోగ్యవరం పార్కు కాదు. చెట్లున్నాయి, పాత కట్టడాలున్నాయి, కానీ అక్కడ ఇవాళ్టికీ ఎవరి ఇంటి మనిషో మంచం మీద ఉంటారు. గేటు దగ్గర అడిగి, ఎంతవరకు పొమ్మంటే అంతవరకే పోతాం. వార్డుల వైపు ఫోన్లు తీయం. భోజనాలు అక్కడ విప్పం, కొండమీదే. అవ్వ కూర్చుంటానంటే ఏదో ఒక చెట్టు కింద కాసేపు కూర్చుంటాం. పొమ్మంటే బయటి నుంచే చూసి వస్తాం. మావాడు ఎదురు చెప్పలేదు. "అవ్వకు మడత కుర్చీ తీసుకుందామా?" అని మాత్రం అడిగాడు.

పొద్దుటికి ఉగ్గాని, మిరపకాయ బజ్జీలు. బజ్జీలు చల్లారితే బాగుండవని తెలుసు, అయినా మావారికి అవి లేకుండా ప్రయాణం కాదు. మధ్యాహ్నానికి చిత్రాన్నం, పెరుగన్నం, ఊరుబిండి. పెరుగన్నంలో పెరుగు తక్కువ, పాలు ఎక్కువ పోసి తోడేస్తే మధ్యాహ్నానికి పులవదు. దారికి నిప్పట్లు, ఉడకబెట్టిన చెనక్కాయలు. అత్త ఓళిగలు తానే చేస్తానంది. మోకాళ్ళ నొప్పితో పొయ్యి ముందు నిలబడొద్దంటే వినలేదు. వాళ్ళమ్మకు ఓళిగలంటే ఇష్టమట. ఆరోగ్యవరం పోయిన రోజు నాయిన మూటలో నాలుగు ఓళిగలు కూడా ఉన్నాయట. అవి అమ్మకు తానే ఇవ్వాలనుకుంటే, దగ్గరికి రానివ్వలేదు కాబట్టి నాయిన చేతే పంపిందట.

"తినిందా అత్తా?" అని అడిగాను.

"రెండు తినింది. రెండు నాకే పంపించింది. దావలో తినమని."

ఇప్పుడు శుక్రవారం రాత్రి పదిన్నర. మావాడు వచ్చి పడుకున్నాడు. సంచులు సర్దేశాను. ఆఖరున గ్లాసులు తీశాను. డ్రైవరుతో కలిపి ఎనిమిది. అరలో వరసగా ఏడు ఉన్నాయి. ఎనిమిదోది గూట్లో మూలన ఉంది, సంక్రాంతి నుంచీ అక్కడే. తీసి, అన్నిటితో కలిపి ఒకే నీళ్ళలో కడిగి, ఒకదాంట్లో ఒకటి పెట్టి సంచిలో వేశాను. అన్నీ ఒకే సెట్టు. ఇప్పుడు నన్నడిగినా ఏది ఏదో చెప్పలేను.

పొద్దున నాలుగున్నరకు లేవాలి. ఓళిగలకు పూర్ణం ఇప్పుడే రుబ్బి పెట్టాం. మిగతాది వచ్చాక రాస్తాను.